బేబీ శ్రీదేవి మీద పరిశోధన పూర్తయింది: కృతజ్ఞతలు

నటి శ్రీదేవి బాలనటిగా పనిచేసిన సంవత్సరాల మీద రాసిన సిద్ధాంత వ్యాసాన్ని నిన్న సాయంత్రం విశ్వవిద్యాలయంలో సమర్పించాను. ఒళ్లు బాగా అలసిపోయింది, అయినా ఈ నాలుగు మాటలు రాయనిదే నిద్ర పట్టేలా లేదు.

విజయవాడ గాంధీనగర్‌లో ఒక సినిమా పంపిణీ కార్యాలయంలో రిప్రజెంటేటివ్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దాయనకు నేనెవరో తెలియదు. తన పేరు రాయవద్దన్నారు కనుక రాయడం లేదు. 'బడిపంతులు' (1972) పాటల పుస్తకం ఉందేమో అడుగుదామని వెళితే, ఆయన అటక మీది ట్రంకుపెట్టె దింపించి, దాచుకున్న పుస్తకాలన్నీ మంచం మీద పరిచారు. ఎండన పడి వచ్చిన నా ముఖం చూసి, "ముందు అన్నం తినమ్మా, ఈ కాగితాలు ఎక్కడికీ పోవు" అన్నారు. అంతకుముందు తిరిగిన చోట్ల కూర్చోమన్న మాట కూడా వినని నాకు, ఆయన ఎదుట దుఃఖం ఆగలేదు.

భోజనమయ్యాక ఆయన 'బడిపంతులు', 'వేటగాడు' (1979) పుస్తకాలను పక్కపక్కన పెట్టి, "రామారావుగారికి మనవరాలిగా వేసిన పిల్ల ఏడేళ్లకు ఆయన పక్కన నాయిక అయిందని అందరూ చెబుతారు, ఆ పిల్ల చిన్నతనంలో ఎంత పనిచేసిందో మాత్రం ఎవరూ చెప్పరు" అన్నారు. 1969లో తమిళ 'తునైవన్'లో మురుగన్ వేషం, 1971లో మలయాళ 'పూంబాట్ట'కు కేరళ రాష్ట్ర ఉత్తమ బాలనటి పురస్కారం, 1975లో హిందీ 'జూలీ', 1976లో పదమూడేళ్లకే 'మూండ్రు ముడిచ్చు'లో నాయిక పాత్ర: ఇన్ని భాషల్లో సాగిన ఆ శ్రమను ఒకే వరుసలో చూడాలన్న ఆలోచన నాకు ఆ మంచం దగ్గరే కలిగింది.

పాత సినిమా కాగితాలు భద్రపరచవలసిన ఒక కార్యాలయం మాత్రం ఉత్తరం మీద ఉత్తరం అడిగి, చివరకు బాలనటుల వివరాలు విడిగా ఉంచలేదని చెప్పి పంపించింది. అంతటి నటి బాల్యం గురించిన ఆధారాలు ఒక విశ్రాంత ఉద్యోగి ట్రంకుపెట్టెలో దొరకడం పరిశ్రమకు గాని, ప్రభుత్వాలకు గాని గౌరవం కాదు.

అమ్మానాన్నలు, అన్నయ్య ఎప్పటిలాగే అండగా ఉన్నారు.

తమిళ పుస్తకాలు చదివి అర్థం చెప్పిన పక్కింటి మామిగారికి, చిరుగుతున్న పుటలను ఓపికగా తీసిన జిరాక్స్ షాపు అబ్బాయికి కూడా నమస్కారాలు. అన్నట్టు, ప్రతి అధ్యాయాన్ని ఎర్ర సిరాతో దిద్దిన మా పర్యవేక్షకురాలికి, రాత్రిళ్లు గ్రంథాలయం తాళం వేయకుండా ఆగిన వాచ్‌మన్‌ గారికి కూడా.