కొనేవాళ్ల మధ్య పోటీ లేకపోతే రైతుదా తప్పు?

సంపాదకులు గారికి,

నమస్కారం. పొగాకు ధర పడిపోవడానికి రైతులు పరిమితికి మించి పండించడమే కారణమని అధికారులు చెప్పినట్టు గత వారం మీ ప్రకాశం జిల్లా పేజీలో వార్త వచ్చింది. రైతు సంఘాల నాయకులెవరైనా జవాబు చెబుతారేమోనని ఇన్నాళ్లూ చూశాను. ఒక్కరూ నోరు మెదపలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. పంట ఎక్కువైతే ధర తగ్గుతుందని మాకెవరూ పాఠం చెప్పక్కర్లేదు. మా తాత కాలం నుంచీ బ్యారన్ (పచ్చి ఆకును వేడిమీద ఆరబెట్టే గది) కాలుస్తున్న ఇల్లు మాది. కానీ సరుకు తగ్గినంత మాత్రాన ధర నిలబడదు, కొనేవాళ్ల మధ్య పోటీ ఉండాలి. ఆ పోటీ గురించి వార్తలో ఒక్క ముక్క లేదు.

అసలు ఆ పరిమితి ఎలా పుడుతుందో చూడండి. ఏటా పంట పరిమాణం ఖరారు చేసే ముందు, మా సరుకు వేలం నడిపే కేంద్ర సంస్థ పొగాకు బోర్డు కంపెనీలను, ఎగుమతిదారులను ఎంత కొంటారని అడిగి ఇండెంట్లు తీసుకుంటుంది. దాన్ని బట్టి బ్యారన్‌కు ఇన్ని కిలోలని మాకు లెక్క కడుతుంది. మేం ఆ లెక్క దాటితే అదనపు సరుకుకు జరిమానా కట్టి అమ్ముకోవాలి. ఏదో ఒక ఏడాది కేంద్రం దయతలిచి మాఫీ చేస్తే చేసినట్టు. మరి ఇండెంట్ ఇచ్చి, తీరా వేలం మొదలయ్యాక చేతులు ముడుచుకుని కూర్చున్న కంపెనీకి జరిమానా వేసిన దాఖలా మా ప్రాంతంలో ఏ రైతూ ఎరగడు. ఎంత పండాలో వాళ్ల మాటే, ఎంతకు కొనాలో వాళ్ల మాటే, నింద మాత్రం మాకు.

ఆ ప్రకటన చేసినవాళ్లు ఒక్క పూట వేలం కేంద్రంలో నిలబడి చూడాలి. బేళ్లు వరసగా పేర్చి ఉంటాయి. బయ్యర్లు చేతిలో ధర కొట్టే మిషన్లు పట్టుకుని వరస వెంట నడుస్తారు. ఒకాయన బేలులోంచి నాలుగు ఆకులు లాగి, వేళ్ల మధ్య నలిపి, మారుమాట లేకుండా ముందుకు పోతాడు. వెనకాల వచ్చేవాడూ అంతే. లైసెన్సు ఉన్న బయ్యర్ల జాబితా చూస్తే చాంతాడంత ఉంటుంది. ఆ రోజు నిజంగా ధర కొట్టేవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మేలిరకానికైతే ఇద్దరు ముగ్గురు పోటీ పడతారు. లోగ్రేడ్ దగ్గరికి వచ్చేసరికి ఒక్కడు మిగులుతాడు, ఒక్కోసారి ఆ ఒక్కడూ ఉండడు. నో బిడ్ అని రాసేస్తారు. ఆ బేలును మళ్లీ ట్రాక్టర్ ఎక్కించి ఊరికి తెచ్చుకోవాలి. రానూపోనూ కిరాయి మాదే, కూలి మాదే. ఇంట్లో పడి ఉన్నన్ని రోజులూ ఆకు పదును తప్పి పొడి రాలుతుంది. మళ్లీ తీసుకెళ్తే గ్రేడ్ ఇంకో మెట్టు దిగుతుంది. వడ్డీకి తెచ్చి కౌలు కట్టినవాడు ఎన్నిసార్లని తిప్పుతాడు? ఇచ్చినకాడికి ఇచ్చి ఇంటికొస్తాడు. ఆ సంగతి బాగా తెలుసు కాబట్టే కొనేవాడు తొందరపడడు.

బయ్యర్లు రింగు కట్టారని, అంటే ముందే కుమ్మక్కయ్యారని నేను అనడం లేదు. దాన్ని తేల్చాల్సింది దర్యాప్తు చేసేవాళ్లు. నేననేది, కొనేవాళ్లు నలుగురే అయినప్పుడు రింగు కట్టాల్సిన అవసరం కూడా ఉండదని. సీజన్ పొడుగునా ఒకే వరస వెంట నడిచేవాళ్లకు పక్కవాడు ఏ ధర దగ్గర ఆగుతాడో తెలిసిపోతుంది. ఇవాళ తను పది రూపాయలు పెంచితే రేపు అవతలివాడూ పెంచుతాడు, ఖర్చు ఇద్దరికీ పెరుగుతుంది. కాబట్టి ఎవరూ పెంచరు.

ఇది మన దగ్గర కొత్తగా పుట్టిన జబ్బు కాదు. అమెరికాలో మూడు పెద్ద సిగరెట్ కంపెనీల మీద సరిగ్గా ఇలాంటి కేసే నడిచింది. మిగతా రెండు కంపెనీల బయ్యర్లూ రాకపోతే ఏ ఒక్కరూ ఆ వేలంలో కొనేవాళ్లు కాదు, ఇంతకు మించి పాడకూడదని ముందే గీత గీసుకుని వచ్చేవాళ్లు. 1946లో అక్కడి సుప్రీంకోర్టు వాళ్ల శిక్షలను ఖాయం చేసింది. రాతపూర్వక ఒప్పందం చూపించనక్కర్లేదు, నడిచిన వ్యవహారాన్ని బట్టే కుట్రను తేల్చవచ్చు అంది. మనకూ 2002 నాటి కాంపిటీషన్ చట్టం ఉంది. వేలంలో కుమ్మక్కును అది నిషేధించింది. ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా ఆ చట్టం కింద ఏర్పడిన కాంపిటీషన్ కమిషన్ తనంతట తానే విచారణ మొదలుపెట్టొచ్చు. సిమెంటు కంపెనీలకు 2012లో 6 వేల కోట్లకు పైగా, బీరు కంపెనీలకు 2021లో 873 కోట్లు జరిమానా వేసిన కమిషన్ ఇదే. బీరు తాగేవాడి జేబు గురించి కదిలినవాళ్లు పొగాకు పండించేవాడి జేబు గురించి ఎందుకు కదలరు?

పోటీ వస్తే ఏమవుతుందో ఈ జిల్లా కళ్లారా చూసింది. 2020లో కరోనాతో కొనుగోళ్లు పడకేస్తే, జులైలో రాష్ట్ర ప్రభుత్వం పంటలు కొనే సహకార సంస్థ మార్క్‌ఫెడ్‌ను వేలంలోకి దించింది. అంతకుముందు చూపు కూడా తిప్పని లోగ్రేడ్ బేళ్ల దగ్గర బయ్యర్లు ఆగడం మొదలుపెట్టారు. పంట అదే, ఆకు అదే, పెరిగింది పాడేవాడు ఒక్కడే. ఏ పార్టీ ప్రభుత్వం చేసిందన్నది నాకు అనవసరం. ఆ పని మళ్లీ ప్రతి సీజన్‌లో ఎందుకు చేయరన్నదే నా ప్రశ్న.

2025లో బర్లీ అనే మరో రకం పొగాకు గతి చూశాం కదా. దానికి బోర్డు వేలం కూడా లేదు. కంపెనీలు ముందు ఆశపెట్టాయి, పంట చేతికొచ్చాక మొహం చాటేశాయి. చివరికి మార్క్‌ఫెడ్ క్వింటాలు 12 వేల నుంచి 6 వేల దాకా పెట్టి కొనాల్సి వచ్చింది. కంపెనీలు తప్పుకుంటే భారం ఖజానా మీద పడింది. కొంపలంటుకున్నాక వచ్చే బదులు మొదటి రోజు నుంచీ వేలంలో ఉంటే అంత డబ్బు అవసరమయ్యేదా? 2015లోనూ కొనుగోళ్లు మందగించి ఈ జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పుడూ సమీక్షా సమావేశాలే, ఇప్పుడూ అవే. కంపెనీలకు విజ్ఞప్తి, రైతుకు జరిమానా. ఈ పద్ధతి ఇంకెన్నేళ్లు?

ఒక్క పొగాకుతో పోయేది కాదిది. పాలు కొనే ఒంగోలు డెయిరీ నడిచినన్నాళ్లు ప్రైవేటు వాళ్లు దాని ధర చూసుకుని తమ ధర పెట్టేవాళ్లు. అది మూతపడ్డాక పాల ధర కట్టడానికి వాళ్ల మిషన్ చూపిందే వెన్న శాతం అయింది. 2025 ఏప్రిల్‌లో అమెరికా సుంకం ప్రకటన రాగానే, రొయ్య ఇంకా చెరువులో ఉండగానే, నెల్లూరు తీరంలో కొనేవాళ్లు ధర కోసేశారు. తగ్గించడంలో ఉన్న చురుకు పెంచేటప్పుడు ఏమైపోతుందో ఏ అధికారీ అడగడు. వేలం మొదటి రోజు కొబ్బరికాయ కొట్టి ఫొటో దిగే ప్రజాప్రతినిధులు, మూడో వారం ధర జారినప్పుడు ఎక్కడుంటారో తెలియదు.

ఇండెంట్ ఇచ్చిన కంపెనీ దగ్గర ముందే డిపాజిట్ కట్టించుకోవాలి. చెప్పినంత కొనకపోతే అది రైతుల నిధికి పోవాలి. మార్క్‌ఫెడ్ సీజన్ మొదటి రోజు నుంచీ వేలంలో ఉండాలి. వీటికి చట్టం మార్చాలి, సమయం పడుతుంది అంటారేమో. సరే, ఏమాత్రం సమయం పట్టని పని ఒకటుంది. వేలమంతా ఎలక్ట్రానిక్‌గానే నడుస్తోంది కాబట్టి ఏ బేలుకు ఎవరు ఎంత కొట్టారో బోర్డు కంప్యూటర్లలో ఉంటుంది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి నుంచి కలిగిరి, డీసీపల్లి దాకా ప్రతి కేంద్రంలో రోజూ ఎంతమంది బయ్యర్లు వచ్చారు, ఎంతమంది నిజంగా పాడారు, ఎన్ని బేళ్లు నో బిడ్ అయ్యాయి, ఒక్కరే పాడగా అమ్ముడుపోయినవి ఎన్ని? ఈ సీజన్ లెక్కలన్నీ బయటపెట్టమని మీ పత్రిక తరఫున బోర్డును అడగండి. ఇస్తే రైతులను తప్పుపట్టిన ఆ జిల్లా పేజీలోనే అచ్చు వేయండి. ఇవ్వకపోతే ఇవ్వలేదని వేయండి.

ఇట్లు,
ఒక పొగాకు రైతు,
కొండపి మండలం, ప్రకాశం జిల్లా