పిన్నిని తీసుకొస్తున్నావుగా, పొగ సంగతి విను

ఒరేయ్ శీనూ,

సెప్టెంబరులో పిన్నిని కూడా సింగపూర్ తీసుకొస్తున్నావని తెలిసి మా ఇంట్లో ఒకటే సందడి. ఆవకాయ లిస్టు మా ఆవిడ విడిగా పంపిస్తుందిలే. ఆయాసం మనిషి కదా పిన్ని, అందుకని ముందు పొగ సంగతి చెప్తాను.

ఇక్కడ జూన్ నుంచి అక్టోబరు దాకా నైరుతి గాలులు. పక్కనే ఇండోనేషియా సుమత్రా దీవిలో తోటలు వేయడానికి అడవులు తగలబెడితే ఆ పొగంతా మా నెత్తినే. అక్కడి పీట్ నేల, అంటే కుళ్లిన ఆకూ కొమ్మా పేరుకున్న నేల, అంటుకుందంటే వరిపొట్టు కుప్పే అనుకో, పైకి మంట కనపడదు, అడుగున వారాల తరబడి రాజుకుంటూనే ఉంటుంది. ప్రతి ఏడూ రాదులే, వానలు పడితే జాడే ఉండదు. వచ్చిన ఏడు మాత్రం మామూలుగా ఉండదురా. 2013 జూన్ 21న గాలి కాలుష్య సూచీ మూడు గంటల సగటున 401కి పోయింది. 2015 సెప్టెంబరు 25న బళ్లే మూసేశారు.

ఎన్‌ఈఏ అని ఇక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ రెండు అంకెలు ఇస్తుంది. అందరూ చూసేది పీఎస్ఐ, అంటే ఆ కాలుష్య సూచీ. అది 24 గంటల సగటు. ఎదురు బ్లాకు మసకేసి, గొంతులో కమురు తగులుతున్నా అంకె తొంభై దగ్గరే ఉండొచ్చు, నిన్నటి మంచి గాలి కూడా అందులో కలిసింది మరి! రేపటి పనులకు దాని అంచనా చూసుకో. ఇప్పుడు పిన్నిని గుడికి తీసుకెళ్లాలా వద్దా అంటే మాత్రం గంటగంటకీ ఇచ్చే పీఎం 2.5, అంటే గాలిలోని సన్నటి ధూళి లెక్క, చూడు, అదీ మీరుండే వైపుది. 55 లోపైతే ఫర్వాలేదు. అది దాటితే ఆవిడ ఇంట్లో ఉండటమే నయం. 150 దాటిందా, నువ్వు కూడా జాగింగులు కట్టిపెట్టు.

"హైదరాబాదులో రెండొందల్లో తిరిగాం, ఇదో లెక్కా" అంటావని తెలుసు. కొలబద్దలు వేరురా. పీఎం 2.5 ఘనపు మీటరుకి 90 మైక్రోగ్రాములుంటే మన దేశంలో సూచీ 200. ఇక్కడ 150 ఉంటేగానీ 200 చూపించదు. అంటే ఇక్కడి 200 ఇంకా ఘోరం!

పిన్ని ఇన్‌హేలర్లు, డాక్టరు చీటీ చేతిసంచీలో పెట్టుకో. ఫ్లాటు చూసేటప్పుడు ఆవిడ పడుకునే గదికి ఏసీ ఉందో లేదో కనుక్కో. పొగ రోజుల్లో కిటికీలు బిగించుకుని ఆ ఉక్కలో కూర్చోవడం పెద్దవాళ్ల వల్ల కాదు. టికెట్టు ఏ తేదీకి తీశావో వెంటనే రాయి, ఎయిర్‌పోర్టుకి నేనే వస్తాను.

నీ
ప్రసాదు