పాము ఇంజెక్షన్ మా ఆస్పత్రిలో ఎప్పుడుంటుంది? ఒడిశా ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా మంత్రి గారూ, నమస్కారం.

గజపతి జిల్లాలో ఆంధ్రా బోర్డర్‌ని ఆనుకుని ఉన్న ఊరి నుంచి రాస్తున్నాను. పాము ఇంజెక్షన్, అంటే పాము విషానికి విరుగుడు మందు, మా ఆస్పత్రిలో ఉంచమని ఇంతకుముందు రాసిన అర్జీలన్నీ ఒడియాలోనే రాయించి ఇచ్చాం. కలెక్టరు గారు ఫిర్యాదులు వినే జాయింట్ గ్రీవెన్స్‌లో లైన్లో నిలబడి ఇచ్చాం, ప్రభుత్వ ఫిర్యాదుల వెబ్‌సైట్ జనసునాణి పోర్టల్లో పెట్టాం. మీ ఫిర్యాదు సంబంధిత అధికారికి పంపించాం అని ఒక మెసేజ్ వచ్చింది, కొన్నాళ్లకి మీ ఫిర్యాదు పరిష్కారమైంది అని ఇంకో మెసేజ్ వచ్చింది. ఏటి పరిష్కారమైందో ఇప్పటికీ మాకు తెలీదు, ఊరికి ఒక్క మనిషి వచ్చి అడిగింది లేదు. అందుకే ఇప్పుడు నా భాషలో, మా చుట్టుపక్కల ఊళ్లోళ్లందరూ చదివేలా రాస్తున్నాను. ఎవరో ఒకరు మీకు చదివి చెప్తారని ఆశ.

మా ఇల్లు ఊరి చివర. వెనకంతా జీడితోట, ముందు వరి మడులు, ఆ పక్కన కొండ గెడ్డ (వాగు). వానలు పడ్డాయంటే పొలం గట్లలో ఎలక బొరియలు మునిగిపోతాయి, ఎలకలు ఇళ్ల వైపు వచ్చేస్తాయి, వాటి వెనకాలే పాములు. మళ్లీ కోతలప్పుడు కుప్పల కింద, గడ్డిమేట కింద అదే భయం. తాచు, కట్లపాము, రక్తపింజరి, మూడూ మా పెరట్లోనే చూసాం. రక్తపింజరి అయితే ఎండాకుల్లో పడుకుంటే కంటికి కనబడదు, కుక్కర్ విజిల్లాగ బుస కొడితేనే తెలుస్తుంది అక్కడుందని. పాముల్ని చంపమని మేము అడగట్లేదయ్యా, జెర్రిపోతు కనబడితే దాన్ని పోనిస్తాం, ఎలకల్ని అదే తింటుందని మాకూ తెలుసు. కాటేస్తే బతికే దారి చూపించమని అడుగుతున్నాం, అంతే.

మా కుక్కల సంగతి చెప్తాను, దయచేసి చిన్న విషయం అనుకోకండి. మాకు మూడు కుక్కలుండేవి, ఇప్పుడు ఒక్కటే ఉంది. పాముని చూసినప్పుడు కుక్క అరుపే వేరు, మనిషిని చూసి అరిచినట్టు ఉండదు, ఒకే చోట నిలబడి ఒకే వైపు చూస్తూ ఆపకుండా మొరుగుతుంది, ముందుకు ఉరుకుతుంది, వెనక్కి వస్తుంది. ఆ అరుపు వినబడగానే మా అమ్మ గుంటలందర్నీ (చిన్నపిల్లల్ని) మంచాలెక్కించేస్తుంది, నేను టార్చి పట్టుకుని బయటికి వెళ్తాను. కరెంటు పోయిన రాత్రులు మాకు కాపలా ఆ కుక్కలే. మా నల్లోడు అనే కుక్క పశువుల సాల గుమ్మంలో ఒక తాచుని లోపలికి పోనివ్వకుండా అడ్డుకున్నాడు, మూతి మీద కాటు పడింది. కుక్కలకి ఎక్కువ మూతి మీదో ముందరి కాళ్ల మీదో పడుతుంది, వాసన చూడ్డానికి దగ్గరికెళ్తాయి కదా. కాసేపటికే మొహం వాచిపోయింది, నోట్లోంచి చొంగ కారింది, వెనక కాళ్లు పడిపోయాయి. బండి మీద ఒళ్లో పెట్టుకుని పశువుల ఆస్పత్రికి తీసుకెళ్తే తాళం. ఫోన్ చేస్తే, వచ్చినా మా దగ్గర పాము మందు ఉండదు బాబూ అన్నారు. మనుషులకిచ్చే ఆ ఇంజెక్షనే కుక్కకి కూడా పనిచేస్తుంది, వేరే మందేమీ లేదు, మరి పశువుల ఆస్పత్రిలో ఒక్క వయల్ (మందు సీసా) కూడా ఎందుకుండదు? మందుల షాపులో అడిగితే తెప్పించాలి, రేపొస్తుంది అన్నారు. వాడు రేపటిదాకా ఆగలేదు. పశువుల ఆస్పత్రి మీ శాఖ కాదని నాకు తెలుసు, పక్క శాఖ మంత్రి గారితో ఒక్క మాట చెప్పడం మీకు పెద్ద పని కాదు కదా అని రాస్తున్నాను.

కుక్కల్ని కట్టేసుకోండి, పరిసరాలు శుభ్రంగా పెట్టుకోండి అని ఒకాయన మాకు సలహా ఇచ్చారు. కట్టేస్తే ఆ తాచు సాలలోకి వెళ్లేది, పొద్దున్నే పాలు పిండడానికి మా అమ్మ చీకట్లో అక్కడికే వెళ్తుంది. శుభ్రం మాటకొస్తే కట్టెలు ఇంటికి దూరంగా పేర్చాం, పొదలు కొట్టేసాం, కోళ్ల గూడు మార్చేసాం, దోమతెర పరుపు కిందకి దోపి పడుకుంటున్నాం. మేము చెయ్యగలిగినవన్నీ చేసాం.

కానీ కట్లపాము విషయంలో కుక్క కూడా ఏమీ చెయ్యలేదండీ. అది రాత్రిపూట చప్పుడు లేకుండా వస్తుంది, నేల మీద పడుకున్నోళ్ల పక్కలోకి దూరుతుంది. కాటేస్తే నొప్పి ఉండదు, వాపు ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనబడదు. మా పెద్దమ్మ కిందటేడు శ్రావణంలో అరుగు మీద చాప వేసుకుని పడుకుంది. తెల్లారుజామున కడుపునొప్పి అని లేచింది, వాంతి చేసుకుంది. ఆస్పత్రికి తీసుకెళ్తే గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి బెంచీ మీద పడుకోబెట్టారు. రెప్పలు వాలిపోతున్నాయండీ, కళ్లు తెరవలేకపోతోంది, మాట ముద్దగా వస్తోంది అని మేము మొత్తుకున్నాం. రెప్పలు వాలడం కట్లపాము లక్షణమని మా ఊళ్లో పశువులు కాసుకునే ముసలాయనకి తెలుసు. చివరికి పెద్ద డాక్టరు గారొచ్చి చూసి ఇది పాము కాటే అన్నారు, ఆ వెంటనే స్టాక్ లేదు, బరంపురం తీసుకెళ్లిపోండి అన్నారు. బరంపురం మాకు మూడు గంటల పైన దారి. ఊపిరి కండరాలు పడిపోతున్న మనిషిని మూడు గంటలు ఎలా తీసుకెళ్తాం? పోనీ ఆంధ్రా వైపు దగ్గరకదా, పాతపట్నమో టెక్కలో తీసుకెళ్దామంటే అంబులెన్స్ డ్రైవరు బోర్డర్ దాటడానికి నాకు పర్మిషన్ లేదన్నాడు. ఆటో మాట్లాడుకునేలోపే మా పెద్దమ్మ పోయింది. ఆస్పత్రి వాకిట్లోనే పోయింది మంత్రి గారూ.

ఇక డబ్బు సంగతి. మన రాష్ట్రంలో 2015 నుంచి పాము కాటుని రాష్ట్ర విపత్తుగా చూస్తున్నారు, చనిపోయిన వాళ్ల ఇంటికి 4 లక్షలు ఇస్తున్నారు, ఆ లెక్క మీకు నేను చెప్పక్కర్లేదు. మా పెద్దమ్మకి అదీ రాలేదు. ఎందుకంటే ఆస్పత్రి చీటీలో మొదట కడుపునొప్పి అని రాసారు, ఒంటి మీద గాటు కనబడలేదని రాసారు. కట్లపాము గాటు కనబడదని మీ డాక్టర్లకి తెలియదా? తప్పు చీటీ రాసింది వాళ్లు, రుజువు తెమ్మంటున్నది మమ్మల్ని. మా అన్నయ్య తహసీల్ ఆఫీసుకి తిరిగీ తిరిగీ కూలి పనులు పోగొట్టుకున్నాడు. డబ్బు కోసం కాదయ్యా, ఆమె పాము కరిచే చనిపోయింది అని కాగితం మీద ఒప్పుకోండి చాలు అని వాడు ఏడుస్తున్నాడు.

స్టాక్ ఎందుకుండదని అడిగితే ఒక్కోసారి ఒక్కో మాట. ఇండెంట్ పెట్టాం, అంటే మందు పంపమని పైకి రాసాం అంటారు. ఫ్రిజ్ లేదు, కరెంటు ఉండదు, పాడైపోతుంది అంటారు. పొడి రూపంలో వచ్చే మందుకి ఫ్రిజ్ అక్కర్లేదు, మామూలు గదిలోనే పెట్టుకోవచ్చు, ఆ ముక్క మేము అడిగితే జవాబు లేదు. ఇంకోసారి రెండు వయల్స్ ఉన్నాయి కదా అని చూపించారు. మొదటి డోసుకే 10 వయల్స్ దాకా పెట్టాలి, పిల్లలకైనా పెద్దలకైనా అంతే, ఎందుకంటే పాము మనిషి సైజు చూసి విషం తగ్గించదు. రెండు వయల్స్‌తో ఎవర్ని బతికిస్తారు? ఆస్పత్రిలో సర్కారు మందులిచ్చే నిరామయ కౌంటర్లో మందులన్నీ ఫ్రీ అని బోర్డుంది, మాకు కావాల్సిన మందొక్కటీ లేదు.

దేశంలో 2000 నుంచి 2019 మధ్య 12 లక్షల మంది పాము కాటుతో చనిపోయారని లెక్క వేసారు, ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మన ఒడిశా ఉంది, ఆంధ్రా కూడా ఉంది. 2030కి ఈ చావుల్ని సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024లో ప్లాన్ విడుదల చేసింది. చావులు ఎక్కువగా మాలాంటి ఊళ్లలోనే, పొలంలోనో నేల మీద పడుకునో. మరి తగ్గించడం ఎక్కడ మొదలుపెడతారు అయ్యా, భువనేశ్వర్‌లోనా?

మేము కొత్త ఆస్పత్రి అడగట్లేదు. ఉన్న ఆస్పత్రిలో రాత్రిపూట కూడా పాము ఇంజెక్షన్ ఉండాలి, పెట్టడం తెలిసిన మనిషి ఉండాలి, ఎన్ని వయల్స్ ఉన్నాయో గుమ్మం దగ్గర రాసి పెట్టాలి, లేకపోతే లేదని ముందే తెలిస్తే మేము నేరుగా ఇంకో చోటికి పోతాం కదా, ఆ గంటైనా మిగులుతుంది. బోర్డర్ అవతల దగ్గర ఆస్పత్రి ఉన్నప్పుడు అంబులెన్స్ అక్కడికి వెళ్లనివ్వండి, విషానికి ఒడిశా ఆంధ్రా తేడా లేదు. పశువుల ఆస్పత్రిలో కొన్ని వయల్స్ పెట్టించండి. పాము ఇంజెక్షన్ మాత్రం ఉండాలి అయ్యా, మళ్లీ మళ్లీ అదే అడుగుతున్నాను, మిగతావన్నీ ఆలస్యమైనా అదొక్కటి ఆలస్యం చెయ్యకండి. మళ్లీ వానలొచ్చేస్తున్నాయి.

మా పెద్దమ్మ ఫైలు తహసీల్ ఆఫీసులో ఉంది, మా అర్జీల నంబర్లన్నీ మా దగ్గర ఉన్నాయి. మీ ఆఫీసు నుంచి ఒక్కరు ఫోన్ చేస్తే కాగితాలన్నీ పట్టుకుని ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాం.

ఇట్లు,
గజపతి జిల్లా బోర్డర్ ఊరి రైతు