మా పండుకి బిస్కెట్లు పెట్టడం మానేసిన అందరికీ థ్యాంక్స్

పదకొండేళ్ళ మా లాబ్రడార్ పండు ఇప్పుడు పొద్దున పూట ఎవరూ పట్టుకోకుండానే లేచి నిలబడుతున్నాడు. విశాఖ ఎంవీపీ కాలనీలో మా వీధివాళ్ళలో వాడిని ఎరగనివాళ్ళు తక్కువ. "ఎలా ఉన్నాడండీ?" అని లిఫ్టులోనూ, రైతు బజార్లోనూ ఆపి అడుగుతున్నారు. అందుకే అందరికీ కలిపి ఇక్కడే చెబుతున్నాను.

ముందు డాక్టరు గారికి దణ్ణం. అంతకుముందు ఇంకోచోట "వయసైపోయింది కదమ్మా, అంతే" అన్న మాట విని డీలా పడి ఉన్నాం. ఈయన పండుని టేబుల్ ఎక్కించనే లేదు. వరండాలో అటూ ఇటూ నడిపించమన్నారు, కూర్చోబెట్టి లేపమన్నారు. తర్వాత తనూ నేల మీదే చతికిలబడి, వాడి వెనక తొడలు రెండూ పట్టుకుని చూసి, నా చేతులు కూడా అక్కడే పెట్టించారు. కుడి తొడ తేడాగా సన్నగా ఉంది. నొప్పి ఉన్న కాలి మీద బరువు వేయడం మానేస్తే కండ కరిగిపోతుందట. ఎక్స్‌రేలో తుంటి కీళ్ళలో ఆర్థరైటిస్ అని తేలింది. లాబ్రడార్లలో తుంటి కీలు సరిగ్గా అమరకపోవడం వంశంలో వచ్చే సమస్యేనట. పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌లో కూడా కీళ్ళ నొప్పులుంటాయని రక్తపరీక్ష చేయించారు. అందులోనే కిడ్నీ, లివర్ కూడా చూశాకే మందు రాశారు. "అరిగిన గుజ్జు తిరిగి రాదు. నొప్పి తగ్గించొచ్చు, నడిపించొచ్చు" అని ఉన్నదున్నట్టు చెప్పారు. ఆ మాట విన్నాకే నాకు టెన్షన్ తగ్గింది.

వాడేది నొప్పి తగ్గించే మెలాక్సికామ్ చుక్కల మందు, బరువును బట్టి డాక్టరు చెప్పినంతే, ఎప్పుడూ తిండితోనే. వాంతులైనా, తిండి మానేసినా, విరేచనం నల్లగా వచ్చినా వెంటనే ఆపి ఫోన్ చేయమన్నారు. ఇంతవరకూ ఆ అవసరం రాలేదు.

ఇక్కడ మా వీధి చివర మెడికల్ షాపు కుర్రాడికి ప్రత్యేకంగా చెప్పాలి. మా మామగారు తన మోకాళ్ళ నొప్పికి వేసుకునే మాత్రే సగం చేసి పండుకి వేద్దామని, ఇంకో స్ట్రిప్ కొనడానికి వెళ్ళారు. కుక్కకని తెలియగానే "తాతగారూ, నేనివ్వను. మీరేమనుకున్నా సరే" అన్నాడట. మనుషుల డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కుక్కల కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలు కూడా దెబ్బతింటాయి. డైక్లోఫెనాక్ వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని 2006లో మన దేశంలో పశువైద్యానికి ఆ మందే నిషేధించారన్న సంగతి కూడా అతనే చెప్పాడు. మామగారు కోపంగా వచ్చారు గానీ, డాక్టరు గారు కూడా అదే మాట అనేసరికి మర్నాడు వెళ్ళి ఆ కుర్రాడి భుజం తట్టి వచ్చారు.

ఇక అసలు విషయం, బరువు. పండు అప్పుడు 40 కిలోలు. ఒంటి బరువులో ఆరేడు శాతం తగ్గినా కుంటు తగ్గడం కంటికి కనిపిస్తుందన్నారు డాక్టరు గారు. అంటే మూడు కిలోలు కూడా కాదు! మా ఇంట్లో కొలిచి పెట్టడం పెద్ద కష్టం కాదు. వాడి భోజనం సగం మా ఇంట్లో జరిగితే కదా. రెండో అంతస్తు పిన్నిగారి మ్యారీ బిస్కెట్లు, పిల్లల స్కూలు బాక్సుల్లో మిగిలిన పూరీలు, టిఫిన్ బండి దగ్గర వడ, వాచ్‌మన్ గారి ఇడ్లీ. ఈయనైతే "ఏటమ్మా, ముసలోడికి ఇడ్లీ ముక్క కూడా పెట్టకూడదేటి?" అని నా మీద అలిగారు. తిండి పెట్టొద్దని చెప్పడం మన దగ్గర ఎంత కష్టమో తెలిసిందే, శాపం పెట్టినట్టు చూస్తారు. అయినా అందరూ మానేశారు. పిన్నిగారు కీరా, క్యారెట్ ముక్కలు తరిగి డబ్బాలో పెట్టుకుని లిఫ్టు దగ్గర కూర్చుంటున్నారు. మొదట్లో వాడు వాటిని వాసన చూసి, ఆవిడ మొహంలోకి అదోలా చూసేవాడు. ఇప్పుడు కరకర నమిలేస్తున్నాడు. బరువు 36కి వచ్చింది. సంక్రాంతికి కూడా ఇదే రూల్ అండీ, అరిసెలు మాకు పంపండి.

సముద్రపు గాలికి మా టైల్స్ ఎప్పుడూ చెమ్మగా ఉంటాయి, వాడి వెనక కాళ్ళు చెరోవైపు జారిపోయేవి. ఎదురింటి అమ్మాయి తన పాత యోగా మ్యాట్‌లన్నీ తెచ్చి హాల్లో పరిచింది. వాడి గోళ్ళు కత్తిరించి, పాదాల మెత్తల మధ్య పెరిగిన వెంట్రుకలు తీసేది కూడా తనే. కంచరపాలెం నుంచి వచ్చిన వడ్రంగి గారు గేటు మెట్ల మీద ప్లైవుడ్ ర్యాంప్ వేసి, పైన కొబ్బరి పీచు పట్టా బిగించారు. కుక్క పనికి కూలేమిటని మొహమాటపడ్డారు, బలవంతాన ఇచ్చాం. ఆటో అన్నయ్య పొట్ట కింద నుంచి తువ్వాలు వేసి, రెండు కొసలూ పట్టుకుని వెనక భాగం ఎత్తడం నేర్పాడు. నా నడుం బతికింది.

నడక మానలేదు. ఒకేసారి దూరం కాకుండా కొంచెం కొంచెంగా, రోజుకి రెండు మూడుసార్లు. కొన్నిసార్లు పొద్దున్నే బీచ్ రోడ్డుకి తీసుకెళ్తున్నాం. పొడి ఇసుకలో కాళ్ళు దిగబడితే కీళ్ళకి శ్రమ అని చదును దారి మీదే నడిపిస్తాం. అలల వైపు లాగుతాడు, పోనివ్వం.

ర్యాంప్ కోసం తెచ్చిన పీచు పట్టా పెద్ద ముక్కే మిగిలింది. మీ ఇంట్లో ఇలా జారిపడుతున్న ముసలి కుక్క ఉంటే వచ్చి తీసుకెళ్ళండి. సాయంత్రం ఆరు దాటాక మేం ఇంట్లోనే ఉంటాం.