దురద పథ్యంలో చపాతీ ఎందుకు?

సంపాదకులకు నమస్కారం.

మోచేతులకీ మోకాళ్లకీ దద్దుర్లు లేచి, గోకి గోకి పుండ్లు పడితే మన కోనసీమలో మొదట అనేమాట 'వేడి చేసింది', లేదంటే 'కాలవ నీళ్లు పడలేదు'. ఆ వెంటనే పథ్యం. వంకాయ, గోంగూర, చేప, రొయ్య అన్నీ మానిపిస్తారు. బదులుగా పొద్దున గోధుమ రవ్వ ఉప్మా, రాత్రికి చపాతీ, చలవకని బార్లీ నీళ్లు, నీరసమంటే హార్లిక్స్. చాలామందికి దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. ఆ దురద సీలియాక్ వ్యాధి వల్ల వచ్చిందైతే మాత్రం మానాల్సినవే ఏరి ఏరి పెడుతున్నట్టు.

గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ అనే మాంసకృత్తు ఈ వ్యాధి ఉన్నవారికి పడదు. పేగు లోపలి పొర దెబ్బతింటుంది. అక్కడ మొదలైన ఐజీఏ రకం యాంటీబాడీలు (ఒంటి రక్షణ వ్యవస్థ తయారుచేసేవి) కొందరిలో చర్మం పైపొర కిందకు చేరి పేరుకుంటాయి. అలా వచ్చేదే డెర్మటైటిస్ హెర్పెటిఫార్మిస్. ఇది అంటుకోదు. విరేచనాలు, కడుపుబ్బరం ఏమీ లేకుండా దద్దుర్లే కనిపించవచ్చు. కాబట్టి 'కడుపు శుభ్రంగానే ఉందిగా' అని కొట్టిపారేయడానికి వీల్లేదు. దక్షిణాదిలో సీలియాక్ తక్కువ. అందుకే డాక్టరుకైనా వెంటనే తట్టకపోవచ్చు.

గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. రెండు మోచేతులు, రెండు మోకాళ్లు, పిరుదులు, మెడ వెనక, తలలో, ఇలా రెండు వైపులా సమానంగా వస్తుంది. ముందు మంట, చురుకు, తర్వాత గుంపుగా చిన్న నీటిపొక్కులు. గోకగానే అవి చితికిపోతాయి గనుక డాక్టరు దగ్గరకు వెళ్లేసరికి గోళ్ల గీతలే మిగులుతాయి. గజ్జి అయితే వేళ్ల సందుల్లో ఉంటుంది, ఇంట్లో మిగతావాళ్లకీ పాకుతుంది. తామర అంచు తేలిన గుండ్రటి మచ్చ. మెడికల్ షాపులో అడిగితే ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ట్యూబు రాస్తే ఈ తేడాలన్నీ చెరిగిపోతాయి. పైగా తామర అయితే ముదురుతుంది.

అనుమానం రాగానే గోధుమ మానేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మానేస్తే రక్తంలో యాంటీబాడీలు తగ్గి, పరీక్షలో ఏమీ లేదని వస్తుంది. తింటూ ఉండగానే ఈ యాంటీబాడీలను చూసే టీటీజీ ఐజీఏ రక్తపరీక్ష, దాంతోపాటు మొత్తం ఐజీఏ కూడా చేయించాలి. పుట్టుకతోనే ఐజీఏ తక్కువున్నవారికి మొదటి పరీక్ష ఒక్కటే నమ్మదగ్గది కాదు. తేల్చి చెప్పేది చర్మం ముక్క పరీక్ష. ఆ ముక్కను పొక్కు మీద నుంచి కాదు, పక్కనున్న మామూలు చర్మం నుంచి తీయాలి. ఐజీఏ పేరుకుందేమో చూసే ఈ పరీక్షను ఇమ్యునోఫ్లోరెసెన్స్ అంటారు; దానికి పంపే ముక్కను ఫార్మలిన్ అనే నిల్వ ద్రవంలో వేస్తే పరీక్ష చెడిపోతుంది. బయటి ల్యాబుకు పంపేటప్పుడు ఈ మాట అడిగి తెలుసుకోండి.

డాప్సోన్ మాత్రతో రెండు మూడు రోజుల్లోనే దురద తగ్గుతుంది. కుష్ఠుకిచ్చే మందేగా అని కంగారు పడొద్దు. అలాగని సొంతంగానూ వాడొద్దు. ముందు ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైము ఎంతుందో చూసే రక్తపరీక్ష తప్పనిసరి. అది లోపించినవారికి ఎర్ర రక్తకణాలు ఒక్కసారిగా పగిలిపోతాయి. మొదటి నెల వారం వారం రక్తపరీక్ష ఉండాలి. పెదాలు నీలంగా మారినా, ఆయాసం వచ్చినా ఆలస్యం లేకుండా డాక్టరును కలవాలి. ఈ మాత్ర పేగును బాగుచేయదు. తిండి మారకుండా మాత్ర ఆపితే దద్దుర్లు రోజుల్లోనే తిరగబెడతాయి. తిండి మార్చినా చర్మం పూర్తిగా నెమ్మదించడానికి నెలలు, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. ఈ లోపు 'పథ్యం పనిచేయలేదు' అని వదిలేసేవాళ్లే ఎక్కువ.

అన్నం తినే గడ్డ మీద గోధుమ మానడం ఎంత పని అనిపిస్తుంది. చిక్కంతా కంటికి కనపడని గోధుమతోనే. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ చాలు పేగు పాడవడానికి. అంటే ఒక చపాతీలో సుమారు యాభయ్యో వంతు. ఇంగువ డబ్బా తిప్పి చదవండి, చాలా వాటిలో గోధుమ పిండి ఉంటుంది. చారులో చిటికెడే వేసినా అది రోజూ పడుతుంది. బియ్యప్పిండితో కలిపినది అడిగి తెచ్చుకోండి. ఇడ్లీ రవ్వ బియ్యానిది, పరవాలేదు. బొంబాయి రవ్వ గోధుమదే. కాబట్టి ఉప్మా పెట్టిన పెసరట్టూ, రవ్వ దోశా పనికిరావు. మిరపకాయ బజ్జీ సెనగపిండిదే అయినా, పూరీ వేయించిన మూకుడులోనే వేస్తే లాభం లేదు. కాజాలు మైదావి. ఆత్రేయపురం పూతరేకులు బియ్యానివే గనుక నిక్షేపంగా తినొచ్చు, బార్లీతో చేసే మాల్ట్ పొడి చల్లిన కొత్తరకం కాకపోతే. అన్నవరం ప్రసాదం గోధుమ రవ్వది. కళ్లకద్దుకుని పక్కవారికిస్తే దేవుడేమీ అనుకోడు.

పిండిమర దగ్గర జాగ్రత్త మరీ అవసరం. గోధుమలు పట్టిన మరలోనే బియ్యం పోస్తే మొదట వచ్చే పిండిలో గోధుమ తప్పకుండా కలుస్తుంది. కొద్దికొద్దిగా ఇంట్లోనే మిక్సీలో పట్టుకోవడం మేలు. రాగులు, జొన్నలకూ ఇదే మాట.

చర్మానికి చల్లని తడిగుడ్డ, పొట్టిగా కత్తిరించిన గోళ్లు, వదులైన నూలు బట్టలు. వేపాకు, పసుపు ముద్ద పుండు మీద రుద్దితే ఇంకా రేగుతుంది. ఐబూప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కొందరికి దద్దుర్లను పెంచుతాయి. విరేచనాల వల్ల మలద్వారం చుట్టూ ఒరుసుకుపోతే గోరువెచ్చని నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది ఆరబెట్టి, జింక్ ఆక్సైడ్ రాస్తే చాలు.

ప్యాకెట్ మీద 'గ్లూటెన్ ఫ్రీ' అని వేయాలంటే అందులో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని ఆహార భద్రతా నిబంధన ఉంది. విడిగా అమ్మే మిఠాయికీ టిఫినుకీ అలాంటి చీటీ ఏదీ కనపడదు. మన జిల్లాల్లోని మిఠాయి దుకాణాలు, టిఫిన్ హోటళ్లు కనీసం గాజు బీరువా మీద 'మైదా ఉంది', 'బియ్యప్పిండే, నూనె వేరు' అని రాసి అంటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాం.

— ఇద్దరు ఆహార నిపుణులు, అమలాపురం