మా కుళాయిలో టీ వస్తోంది, మంత్రిగారూ

గౌరవనీయులైన మంచినీటి శాఖ మంత్రిగారికి, కోనసీమలోని ఒక లంక గ్రామం నుంచి నమస్కారాలు.

అయ్యా, ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడూ మడ్డితో పాటు అడుక్కి చేరినట్టున్నాయి.

మా ఊరి మంచినీటి పథకం సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. గోదావరికి ఎర్రనీరు వచ్చిందంటే మా కుళాయిలో టీ వస్తుంది. పంచదార ఒక్కటే తక్కువ. రోజూ సాయంత్రం నాలుగు బిందెలు పట్టి, ఒక్కోదాంట్లో పటిక ముక్క ఆరేడు చుట్లు తిప్పి మూత పెడతాను. తెల్లారాక కదపకుండా పైపై నీళ్లు చెంబుతో తోడుకోవాలి. చిన్నాడు నిద్రమత్తులో కాలు తగిలించాడా, రాత్రంతా తేరిన నీళ్లు మళ్లీ మొదటికి! అడుగు పావు బిందె మొక్కలకే. పటిక ఎక్కువైతే వగరు, మా అత్తగారు పుక్కిలించి ఉమ్మేస్తారు. తక్కువైతే మసక పోదు. పైగా నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు, నీళ్లు రోజుకో రంగు కదా.

బంకమట్టి రేణువులు రెండు మైక్రాన్ల కన్నా చిన్నవట. అన్నిటికీ ఒకటే విద్యుదావేశం, రుణావేశం (నెగటివ్ చార్జి) కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతూనే ఉంటాయట. పటిక ఆ తోపులాట ఆపి ముద్ద కట్టిస్తుందని మా పెద్దాడు చెప్పాడు. మా అమ్మమ్మకి ఈ ఆవేశాలేవీ తెలియవు, పటిక తిప్పడం మాత్రం తెలుసు.

మరి నీళ్లు శుద్ధి చేసే ప్లాంటులో పటిక బస్తాలేవండీ? ఉన్న రోజున ఆపరేటర్ చేతికొచ్చినంత వేస్తాడు. అతన్ననను. ఆరు జార్లలో ఆరు మోతాదులు కలిపి ఏది బాగా తేరిందో చూసే జార్ టెస్ట్ అతనికి నేర్పిందెవరు? బురదనీళ్లలో క్లోరిన్ సరిగా పని చెయ్యదనీ, నీళ్లు వడకట్టే ఇసుక బెడ్లు ఊరికే పూడిపోతాయనీ మీ ఇంజినీర్లకు నేను చెప్పాలా?

తాగేనీళ్లకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మసక 1 ఎన్‌టీయూ (మసకని కొలిచే యూనిట్ లెండి) దాటకూడదు, వేరే దారి లేకపోతే 5. కొలిచే మీటర్ లేకపోతే మా బిందె అడుగున రూపాయి బిళ్ల వేద్దాం. పైనుంచి కనబడితే అది మీదే.

పోయిన ఆగస్టులో వచ్చిన అధికారి "వచ్చే వారం కల్లా" అన్నారు. మా వీధిలో నిలబడి బాటిల్ నీళ్లు తాగుతూ అన్నారు లెండి.

పటిక పంపించండి సార్. మోతాదు చూసే మనిషినీ పంపించండి. వరద తీశాక కాదు, ఇప్పుడే. ఉంటానండీ, కరెంటు పోయేలోపు బిందెలు పట్టుకోవాలి.

ఇట్లు,
లంకలో ఒక ఇల్లాలు