‘పరిష్కారమైంది’ అని మీరు మూసేసిన ఫిర్యాదు: జత కుదరని ట్వీటర్లు, క్రాసోవర్ కిట్

బెంగళూరు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి
(ఆ కుర్చీలో నిజంగా ఒక మనిషి ఉన్నారనే నమ్మకంతో)

అయ్యా,

“మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం. మా సేవకు 5కి ఎన్ని స్టార్లు ఇస్తారు?” అని మీ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. పరిష్కరించింది ఎవరో, ఎప్పుడో, ఏం చేశారో కూడా చెప్పి ఉంటే స్టార్ల సంగతి ఆలోచించేవాణ్ణి. మీ కిట్, అంటే రెండు ట్వీటర్లు (సన్నటి పై స్వరాలు పలికే చిన్న స్పీకర్లు), వాటితో వచ్చిన క్రాసోవర్లు (పాటని బాస్, మధ్య, పై స్వరాలుగా విడగొట్టి తలా ఒక స్పీకరుకి పంపేవి), ఏ లోపంతో వచ్చిందో ఇప్పటికీ అదే లోపంతో ఇక్కడే ఉంది.

సమస్య చిన్నదే. మొదటి మెయిల్‌లోనే రాశాను. జత అని అమ్మిన రెండు ట్వీటర్లలో ఒకటి 8 ఓములది, రెండోది 16 ఓములది. స్టిక్కర్ మాత్రం రెండింటి మీదా 8 అనే ఉంది. మల్టీమీటరు పెడితే ఒకటి 6.2 చూపిస్తోంది, రెండోది 11.4. వాయిస్ కాయిల్ (ట్వీటర్ లోపలి తీగచుట్ట) డీసీ రెసిస్టెన్స్ స్టిక్కర్ మీది రేటింగ్ కంటే కాస్త తక్కువ చూపడం మామూలే. 8కి 6 వస్తే ఎవరూ అడగరు. 8కి 11 రాదు. మీటరు అంకెలు కనబడేలా ఫోటోలు పంపాను. వాటిని ఇంతవరకు ఎవరైనా తెరిచి చూశారా అన్నదే నా అసలు ప్రశ్న.

చాట్‌లో మొదట తగిలినాయన “మీ సౌండ్‌బార్ మోడల్ నంబరు చెప్పండి సర్” అన్నాడు. ఇది సౌండ్‌బార్ కాదు, 1963లో వచ్చిన క్లిప్ష్ లా స్కాలా, మూడు దారుల హార్న్ స్పీకరు, మీ కిట్ దానికోసమేనని మీ సైట్లోనే రాసి ఉంది అని చెప్పాను. చాలాసేపు చుక్కలు ఆడించి, “బ్లూటూత్ ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి” అన్నాడు. ఆ కిట్‌లో ట్వీటర్లు కాక ఉన్నవల్లా కాయిల్, కెపాసిటర్లు, ఒక ఆటోఫార్మర్ (సిగ్నల్ మట్టం తగ్గించే ఒకే చుట్ట ట్రాన్స్‌ఫార్మర్). ఆఫ్ చేయడానికి స్విచ్చే లేదు.

ఫోన్ చేస్తే కన్నడం, ఇంగ్లిష్, హిందీ మెనూలు దాటాక తెలుగమ్మాయి దొరికింది. కడప వైపు మాట, మర్యాద తెలిసిన పిల్ల. “అట్నా సార్, రాసుకుంటాండా సార్” అంటూ అంతా విన్నది. కంప్లయింట్‌లో చివరికి రాసింది: “స్పీకర్లో సౌండు రావడం లేదు.” సౌండు వస్తోందమ్మా, రెండు వైపులా వేరువేరుగా వస్తోంది! కింది స్వరాలని ఆపే ఒకే 2 మైక్రోఫారడ్ కెపాసిటరు 8 ఓముల ట్వీటర్‌ని సుమారు 10 కిలోహెర్ట్జ్ నుంచి పలికిస్తే, 16 ఓముల దాన్ని 5 కిలోహెర్ట్జ్ నుంచే పలికిస్తుంది. పాట మొదలైతే తాళాలు ఒక పక్క, వయొలిన్ అంచు ఇంకో పక్క. ఇది ఆ అమ్మాయి తప్పని నేను అనను. ఆమె ముందు మీరు పెట్టిన ఫారంలో ‘సౌండు రావడం లేదు’, ‘చార్జింగ్ ఎక్కడం లేదు’ అనే రెండు గళ్లే ఉన్నాయట.

ఆ తర్వాత కాల్ మీ ‘సీనియర్ టెక్నికల్’ డెస్కుకి వెళ్లింది. ఆయన చెప్పిన మాట రాతపూర్వకంగా మీ రికార్డులో ఉండాలనే ఇంత వివరంగా రాస్తున్నాను. “క్రాసోవర్ తీసేసి ట్వీటర్ని డైరెక్ట్‌గా ఆంప్లిఫయర్‌కి కలిపి చూడండి.” కెపాసిటరు అడ్డు లేకుండా హార్న్ ట్వీటర్‌కి పాట మొత్తం ఇస్తే ఏమవుతుందో మీ సీనియర్‌కి తెలియదా? శబ్దం పుట్టించే ఆ పల్చటి పొర, డయాఫ్రం, పిసరంత కదలడానికే పుట్టింది. బాస్ పడితే ఎదురుగా శబ్దాన్ని హార్న్‌లోకి మళ్లించే దిమ్మకి, అంటే ఫేజ్ ప్లగ్‌కి కొట్టుకుంటుంది, లేదంటే కాయిల్ తీగ కాలి తెగుతుంది. స్విచ్ వేసినప్పుడు ఆంప్లిఫయర్ ఇచ్చే ‘డబ్’ ఒక్కటి చాలు. మీ వారంటీ కార్డులో మాత్రం ‘కాలిన కాయిల్‌కు వారంటీ వర్తించదు’ అని ఉంది. సలహా మీదే, షరతూ మీదే!

పరీక్షించే పద్ధతి అది కాదు. ఎడమ ట్వీటర్ని కుడికి, కుడిదాన్ని ఎడమకి మార్చాలి, క్రాసోవర్లని ముట్టుకోకూడదు. తేడా ట్వీటర్‌తో పాటు పక్కకి జరిగితే దోషం ట్వీటర్‌ది, జరగకపోతే క్రాసోవర్‌ది. ఇక్కడ జరిగింది. అదీ రాశాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

దానికి జవాబుగా ఇంకో ఏజెంటు “ఆటోఫార్మర్ ట్యాప్ మార్చుకుంటే అడ్జస్ట్ అవుతుంది సర్” అన్నాడు. ట్యాప్ అంటే ఆటోఫార్మర్ చుట్ట మధ్యలోంచి తీసిన కొస, మట్టం ఎంత తగ్గాలో దానితో ఎంచుకోవచ్చు. కానీ ఆటోఫార్మర్ ఉన్నది మధ్య స్వరాల హార్న్ కోసం. ట్వీటర్ దాని గుండా పోనే పోదు, ఇన్‌పుట్ నుంచి 2 మైక్రోఫారడ్ మీదుగా నేరుగా వెళ్తుంది. పోనీ మార్చాననుకోండి. ఇప్పుడున్న 3 డెసిబెల్ (డీబీ) ట్యాప్‌లో 16 ఓముల మధ్య డ్రైవరు కెపాసిటర్‌కి 32 ఓములుగా కనిపిస్తుంది. అందుకే 13 మైక్రోఫారడ్‌తో 400 హెర్ట్జ్ దగ్గర కింది స్వరాలకి కోత కుదిరింది. 6 డీబీ ట్యాప్‌కి దించితే అది 64 అవుతుంది, అదే కెపాసిటరు 200కి కిందనుంచే వదలడం మొదలుపెడుతుంది, హార్న్ మోయలేని బాస్ అంతా డ్రైవరు నెత్తిన పడుతుంది. ట్యాప్ అలా మార్చేవాడు 13 తీసి 6.5 వేయాలి. ఈ ముక్క కిట్ అమ్మేవాళ్లకి కొనేవాడు చెప్పాల్సి రావడం మీకు బాగుందా?

ఇక అన్‌బాక్సింగ్ వీడియో. అది లేనిదే ‘రిప్లేస్‌మెంట్ టీం’ కేసు ముట్టుకోదట. రెసిస్టెన్స్ వీడియోలో ఎలా కనబడుతుందో వాళ్లే చెప్పాలి. అయినా మీటరు పెట్టి తీసిన వీడియో పంపితే ఫైలు పెద్దదని వెనక్కి వచ్చింది. చిన్నది చేసి పంపితే ‘క్లారిటీ లేదు’. చివరికి పికప్‌కని ఒక కుర్రాడొచ్చాడు. అతని ఫోన్లో ‘సౌండ్‌బార్ – 1’ అని ఉంది. ఇది అది కాదనగానే ‘కస్టమర్ ఇవ్వలేదు’ అని నొక్కి వెళ్లిపోయాడు. మీ ‘పరిష్కారమైంది’ పుట్టింది అక్కడే అని నా అనుమానం.

పీణ్య పారిశ్రామిక వాడలో ఒక్క షట్టరు వెనకాల మీరు ఆటోఫార్మర్లు చుట్టుకునే రోజుల నుంచీ మీ సరుకే వాడుతున్నాం. పాత స్పీకర్లలో నూనె కెపాసిటర్లు ముదిరి పైస్థాయి మందగించిందని ఎవరు అడిగినా మీ పాలీప్రొపిలీన్ కెపాసిటర్ల కిట్టే వేయించుకోమని చెప్పాం. అప్పట్లో ఫోనెత్తేది సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్న మనిషే. ఇప్పుడు ఫోనెత్తే మనుషులు పెరిగారు, వినే మనిషి కరువయ్యాడు.

నాకు డబ్బు వెనక్కి అక్కర్లేదు. మీటరు పెట్టి చూసి, 6.2కి దగ్గరగా వచ్చే 8 ఓముల ట్వీటర్ ఒకటి పంపండి, 16ది తీసుకుపోండి. దాని మీద 8 స్టిక్కర్ అంటించిన చేత్తో ఇంకెన్ని పెట్టెలు బయటికి పోయాయో కూడా వెతకండి. అంతకంటే ముందు, ఓమ్ అంటే తెలిసిన ఒక మనిషి ఫోన్ చేయాలి. ఈ వారంలో ఆ ఫోన్ రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తాను, అక్కడా తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఇక్కడి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 5 లక్షల లోపు సరుకుకి అక్కడ ఫీజు కూడా లేదు. ‘డైరెక్ట్‌గా కలిపి చూడండి’ అన్న కాల్ రికార్డింగ్ నా దగ్గరుంది. మీ దగ్గర చెరిగిపోయి ఉంటే అడగండి, పంపిస్తాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్
మల్లేశ్వరం, బెంగళూరు

జతచేసినవి: మీటరు ఫోటోలు, బిల్లు కాపీ, మీరు ‘క్లారిటీ లేదు’ అన్న వీడియో